వంటింటి సోడాతో పగడాల తొట్టె: ఆల్కలినిటీ పడిపోతోంది, కాల్షియం మాత్రం కదలడం లేదు

కొత్త తొట్టె, కొలంబస్, ఒహాయో

అందరికీ నమస్కారం. ఉప్పునీటి తొట్టె పెట్టి పద్నాలుగు నెలలైంది. నలభై గ్యాలన్లది, అంటే సుమారు 150 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను, కింద సంప్‌లో (తొట్టె కిందుండే రెండో తొట్టెలో) ఉన్నది కలుపుకొంటే నీళ్లు 130 లీటర్లు ఉంటాయని నా లెక్క. రెండు క్లౌన్ చేపలు, ఒక హామర్ పగడం, నాలుగైదు జోయాంథిడ్లు (మెత్తని పగడాలు), వేసవిలో తెచ్చిన ఎర్ర మాంటిపోరా అనే రాతి పగడం ఒకటి ఉన్నాయి. అన్నీ ఇక్కడ తొట్టెల్లో పెంచేవాళ్ల దగ్గర చిన్న ముక్కలుగా కొన్నవే. మాంటిపోరా తెచ్చినప్పుడు రూపాయి బిళ్లంత ఉండేది, ఇప్పుడు అరచేయంత అయింది. అదంటే నాకు ప్రాణం.

అది పెరగడం మొదలుపెట్టాక లెక్కలు తప్పుతున్నాయి. వారం పాటు ఏమీ వేయకుండా కొలిచి చూశాను. ఆల్కలినిటీ, అంటే నీళ్లలోని బైకార్బొనేట్ నిల్వ, ఆదివారం 8.4 డీకేహెచ్ (దాన్ని కొలిచే కొలమానం), బుధవారం 7.2, శనివారం 6.0. కాల్షియం ఆదివారం 420 పీపీఎం, శనివారం 400. మెగ్నీషియం 1290. పీహెచ్ పగలు 8.0, తెల్లవారుజామున 7.8. ఒకటి అంతలా పడిపోతుంటే రెండోది దాదాపు ఉన్నచోటే ఉంది. పగడం రెండింటినీ కలిపే కదా తీసుకుంటుంది? నా కాల్షియం కిట్ పాడైందా?

రెండో విషయం. తగ్గిన కాల్షియం, ఆల్కలినిటీ నింపడానికి ఇంతవరకు దుకాణంలో దొరికే జత సీసాలు వాడాను. ఈసారి లేబుల్ చదివితే ఒకదానిలో కాల్షియం క్లోరైడ్, రెండోదానిలో సోడియం కార్బొనేట్, అంతే. వంటింట్లో మిర్చి బజ్జీల పిండిలో వేసే సోడా డబ్బా ఉంది. గ్యారేజీలో వాకిట్లో మంచు కరిగించడానికి తెచ్చిన బస్తా ఉంది, దాని మీదా కాల్షియం క్లోరైడ్ అనే రాసి ఉంది. ఈ రెండూ తొట్టెలో వేయవచ్చా? సోడాను ఓవెన్‌లో కాల్చాలని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారు. చదువుకొన్న కెమిస్ట్రీ మరచిపోయి ఇరవై ఏళ్లైంది. మాంటిపోరాను పోగొట్టుకోవడం ఇష్టం లేక అడుగుతున్నాను.

డాలస్ రీఫ్, టెక్సస్

సోడా వేయవచ్చు, నేను ఆరేళ్లుగా వేస్తున్నాను. ఒక్క మాట చెప్పడానికే రాస్తున్నాను: డబ్బా మీద పేరు రెండుసార్లు చదవండి. మొదటి ఏడాది హడావిడిలో బేకింగ్ సోడా బదులు బేకింగ్ పౌడర్ డబ్బా తీశాను. రెండూ తెల్లగానే ఉంటాయి. పౌడర్‌లో సోడాతో పాటు పులుపు లవణాలు, పిండి కలిసి ఉంటాయి. పులుపు సోడాను విరిచేస్తుంది కాబట్టి ఆల్కలినిటీ అనుకున్నంత పెరగలేదు. మర్నాటికి నీళ్లు మసకబారాయి, నీళ్లలోని మలినాలను నురగగా తీసే స్కిమ్మర్‌లో నురగ గిన్నె దాటి నేల మీదికి పొంగింది. సగం నీళ్లు మార్చి బయటపడ్డాను. పగడాలు బతికాయి కానీ రెండు వారాలు ముడుచుకొని ఉన్నాయి. పదార్థాల జాబితాలో సోడియం బైకార్బొనేట్ అన్న ఒక్క మాటే ఉండాలి.

సున్నపుకాయ, ఎడిసన్, న్యూజెర్సీ

కొత్త తొట్టె గారూ, మీ కిట్ బాగుంది. మీరు కొలిచిన తీరు ఇంకా బాగుంది. ఏమీ వేయకుండా వారం ఆగి కొలవడం చాలామంది చేయరు, అక్కడే తప్పుతారు.

రాజమండ్రిలో తొమ్మిదేళ్లు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. అప్పటి అలవాటుతోనే చెబుతాను. బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదిన ప్రయోగం గుర్తుందా? పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు కాల్షియం కార్బొనేట్. మీ మాంటిపోరా ఎముక కూడా అదే పదార్థం. దాన్ని కట్టుకోవడానికి పగడం నీళ్ల నుంచి ఒక పాలు కాల్షియం, రెండు పాళ్లు బైకార్బొనేట్ తీసుకుంటుంది. లెక్క వేస్తే, కాల్షియం 20 పీపీఎం తగ్గినప్పుడు ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ తగ్గాలి. మీకు ఆల్కలినిటీ 2.4 తగ్గింది. దానికి తగిన కాల్షియం 17 పీపీఎం. మీ కిట్ 20 చూపింది. ఇంటి కిట్టుతో అంతకంటే దగ్గరగా కొలవలేము.

మీకు వింతగా అనిపించడానికి కారణం నిల్వల్లో తేడా. సముద్రపు నీళ్లలో కాల్షియం 410, 420 పీపీఎం ఉంటుంది, ఆల్కలినిటీ 7 డీకేహెచ్ మాత్రమే. ఆ ఏడూ పూర్తిగా అయిపోయినా ఖర్చయ్యే కాల్షియం 50 పీపీఎం. ఒకటి గాదెలో ధాన్యం, రెండోది డబ్బాలో బియ్యం. రోజూ ఒకే కొలత తీస్తున్నా డబ్బా ముందు ఖాళీ అవుతుంది. అందుకే రోజువారీ చూపు ఆల్కలినిటీ మీద ఉంచండి, కాల్షియాన్ని పదిహేను రోజులకోసారి కొలిస్తే చాలు. కాల్షియం 400 నుంచి 450 లోపు ఎక్కడ ఉన్నా దాన్ని 420కి తేవాలని తాపత్రయపడకండి.

ఇప్పుడు మందుల సంగతి. సీసాల్లో ఉన్నదీ మీ ఇంట్లో ఉన్నదీ రసాయనంగా ఒకటే. తేడా వస్తే శుద్ధిలో వస్తుంది, కొలతలో వస్తుంది.

వంట సోడాకు శుద్ధి బెంగ లేదు, మనం తినేదే. కాల్చాలా వద్దా అన్నది మీ పీహెచ్ చెబుతోంది. ఒహాయో చలికాలంలో తలుపులు, కిటికీలు మూసి ఉంటాయి. ఇంట్లో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. పచ్చి సోడా ఆల్కలినిటీని పెంచుతుంది కానీ పీహెచ్‌ను పైకి తీసుకురాదు, వేసిన వెంటనే కాస్త దించుతుంది కూడా. కాల్చిన సోడా రెండింటినీ పెంచుతుంది. కాబట్టి మీరు కాల్చండి. వెడల్పాటి ట్రేలో పలచగా పరచి 300 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 150 సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచాలి. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. కాలిందో లేదో తూకమే చెబుతుంది: 157 గ్రాములు పెడితే 99 గ్రాములకు దిగాలి. 120 దగ్గర ఆగితే మళ్లీ లోపల పెట్టండి. ఈ తూకం చూడకుండా ఎవరూ వాడవద్దని నా విన్నపం.

ఆ 99 గ్రాములను లీటరు ఆర్‌ఓ-డీఐ నీళ్లలో (లవణాలన్నీ తీసేసిన శుద్ధమైన నీళ్లు) కలపండి. ఇంకో లీటరు సీసాలో కాల్షియం క్లోరైడ్ రేకులు 132 గ్రాములు. రేకులంటే ఒక్కో అణువుతో రెండు నీటి అణువులు ఉన్న రకం. నీరు లేని గుళికల రకమైతే వంద చిల్లర గ్రాములు చాలు, 106 వేయండి. ఈ కొలతలు నావి కావు. రాండీ హోమ్స్-ఫార్లీ అనే రసాయన శాస్త్రవేత్త 2006లో పగడాలు పెంచేవాళ్లందరి కోసం రాసిన లెక్క. ఆయన గ్యాలనుకు 594 గ్రాముల సోడా, 500 గ్రాముల క్లోరైడ్ అన్నారు, నేను లీటరుకు తిప్పాను. ఈ కొలతలో ఉన్న అందం ఏమిటంటే, రెండు సీసాల నుంచీ సమానంగా తీస్తే పగడం తీసుకున్న పాళ్లలోనే తిరిగి పడుతుంది.

మీ తొట్టె రోజుకు 0.4 డీకేహెచ్ తింటోంది. 130 లీటర్లకు ఒక్కో సీసా నుంచి రోజుకు 10 మిల్లీలీటర్లు సరిపోతుంది. లెక్క వేసి చూసుకోండి, నన్ను నమ్మి ఊరుకోవద్దు: వంద లీటర్లలో ఒక డీకేహెచ్ పెరగడానికి పచ్చి సోడా 3 గ్రాములు కావాలి.

అయితే అంతకుముందు 6 నుంచి 8కి తేవాలి. దానికి పచ్చి సోడా సుమారు 8 గ్రాములు. ఒక్కసారిగా వేయకండి. మూడు రోజులు, రోజుకు రెండున్నర గ్రాముల చొప్పున, గ్లాసుడు నీళ్లలో కరిగించి పోయండి. రోజుకు ఒక డీకేహెచ్ మించి పెంచితే మాంటిపోరా అంచులు కాలినట్లు తెల్లబడతాయి. తక్కువ ఉండటం కంటే గబగబా మారడమే దానికి ఎక్కువ బాధ.

రెండు సీసాలనూ ఎప్పుడూ ఒకచోట, ఒకేసారి పోయవద్దు. మీ కళ్ల ముందే సున్నపు రాయి అయిపోతుంది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, నీళ్లు బాగా పారే చోట పోయండి. పీహెచ్ తెల్లవారుజామున తగ్గుతోంది కాబట్టి కాల్చిన సోడా రాత్రికి ఉంచండి. క్లోరైడ్ కలిపేటప్పుడు నీళ్లలోకి క్లోరైడ్ వేయాలి, కొంచెం కొంచెంగా. బాగా వేడెక్కుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

మంచు కరిగించే బస్తా గురించి మాత్రం నేను వెనకాడతాను. కొన్ని శుద్ధంగానే ఉంటాయి, చాలామంది వాడారు. కానీ చాలా బస్తాల్లో మామూలు ఉప్పు, మెగ్నీషియం క్లోరైడ్, రంగు, ఒక్కోసారి యూరియా కలుస్తాయి. తయారుచేసేవాళ్లు అది వాకిట్లో పడుతుందనుకుంటారు, తొట్టెలో పడుతుందనుకోరు. బీరు, జున్ను ఇళ్లలో చేసుకునేవాళ్ల దుకాణాల్లో తినదగిన కాల్షియం క్లోరైడ్ దొరుకుతుంది. రోజుకు మీకు పట్టేది గ్రామున్నరలోపే. అరకిలో కొంటే ఏడాది వస్తుంది. అక్కడ ఆదా చేయాల్సిందేమీ లేదు.

ఇంకొక దారి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, నా పేరు కూడా దాని మీదే పెట్టుకున్నాను. సున్నం. మా అమ్మమ్మ తమలపాకుల పళ్లెంలో ఇత్తడి సున్నపుకాయ ఉండేది. రెండు రోజులు మూత తెరవకపోతే పైన గట్టి పొర కట్టేది, దాన్ని గోటితో తీసేసి లోపలి మెత్తని సున్నం రాసేది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి కట్టిన రాయి అది. పగడాలవాళ్లు జర్మన్ మాటలో కాల్క్‌వాసర్ అంటారు. మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సున్నపు తేటే. ఒక్క సున్నంలోనే కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరైన పాళ్లలో ఉంటాయి, పీహెచ్ పెరుగుతుంది, ఉప్పు మిగలదు. తాంబూలం సున్నంలో ఏం కలుపుతారో తెలియదు, దాన్ని వాడవద్దు. ఇక్కడ ఊరగాయలకు అమ్మే సున్నం పొడి శుద్ధమైనది.

లీటరు నీళ్లలో సుమారు ఒకటిన్నర గ్రాములు కరుగుతుంది, అంతకు మించి వేస్తే అడుగున ఉండిపోతుంది. మీ తొట్టె రోజుకు రెండు లీటర్లు ఆవిరైతే, దాని బదులు రెండు లీటర్ల సున్నపు తేటను పూర్తి గాఢతతో పోస్తే ఆల్కలినిటీ 1.8 డీకేహెచ్ దాకా పెరుగుతుంది. మీకు కావలసింది 0.4. కాబట్టి లీటరుకు గ్రాములో మూడో వంతు కలిపితే చాలు. బొట్టుబొట్టుగానే పోవాలి, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది.

ఎంత భయపడాలో చెప్పడానికి నా అనుభవం. నాది 300 లీటర్ల తొట్టె. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి నీటిమట్టం చూసి, ఆవిరైన నీళ్లు నింపే పంపును ఆపే ఫ్లోట్ మీద నత్త ఎక్కి కూర్చుంది. పంపు ఆగలేదు, డబ్బాలోని ఐదు లీటర్ల సున్నపు తేట తెల్లవారేసరికి తొట్టెలోకి వెళ్లిపోయింది. లేచి చూస్తే నీళ్లు పాలలా ఉన్నాయి, పీహెచ్ 9 దగ్గర. కిటికీలన్నీ తెరిచి, గాలి బుడగలు వదిలే రాళ్లు రెండు వేసి, ఇంకేమీ కలపకుండా కూర్చున్నాను. సాయంత్రానికి తేరింది. చేపలన్నీ బతికాయి. ఏడేళ్లు పెంచిన ఆక్రోపోరా పగడం ఒకటి వారంలో తెల్లబడి పోయింది. అప్పటి నుంచి డబ్బాలో రెండు లీటర్లకు మించి ఉంచను. మొత్తం ఒకేసారి పడినా తొట్టె తట్టుకునేంతే ఉండాలి. ప్రయాణాల్లో పక్కింటివాళ్లకు ఇబ్బందే, అయినా మార్చలేదు.

భీమవరం ల్యాబు, పశ్చిమ గోదావరి

సున్నపుకాయ గారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించడం నా పని. చెరువుల్లోనూ ఇదే కథ. రొయ్య పొర విడిచి కొత్త పెంకు కట్టుకునేటప్పుడు కాల్షియం, ఆల్కలినిటీ కావాలి. రైతులు బైకార్బొనేట్ బస్తాలతో చల్లుతారు.

మన దేశంలో చదివేవాళ్లు కొలమానం చూసుకోండి. మేము ఆల్కలినిటీని కాల్షియం కార్బొనేట్ పీపీఎంలలో చెబుతాం. ఒక డీకేహెచ్ అంటే దాదాపు 18 పీపీఎం. మా కాగితంలో 143 అని ఉంటే అది 8 డీకేహెచ్. ఈ రెండూ కలగాపులగం చేసి సోడా వేస్తే తొట్టె మిగలదు.

ఆక్వా దుకాణాల్లో మినరల్స్ పేరుతో అమ్మే బస్తాలు చవకగా ఉన్నాయని తొట్టెలో వేయకండి. చాలావాటిలో రాగి, జింకు కూడా కలుపుతారు. చెరువు విస్తీర్ణానికి అది స్వల్పం, 130 లీటర్లకు కాదు. నాచుకు మైలుతుత్తం వేసే చెరువులు మీరు చూసే ఉంటారు. అదే రాగి నత్తలను, పగడాలను చంపుతుంది. ల్యాబుల్లో వాడే శుద్ధమైన రకం అడగండి. మెగ్నీషియం తగ్గితే మందుల షాపులో దొరికే భేది ఉప్పు పనికొస్తుంది, సువాసన కలిపినది కాకుండా.

ఇంకొకటి చెప్పకపోతే తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రీఫ్ కట్టే రాతి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలు, నల్ల పగడాలు మన దేశంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి తీసిన రాతి పగడాలను ఎవరైనా అమ్మజూపితే కొనకండి. నా ఇంటి తొట్టెలో చేపలు, రాళ్ల మీద గులాబీ రంగు సున్నపు నాచు మాత్రమే. ఆ నాచు కూడా ఆల్కలినిటీని తింటుంది, నేనూ వంట సోడాయే వేస్తాను.

కొత్త తొట్టె, కొలంబస్, ఒహాయో

మూడు వారాలైంది, ఫలితం చెప్పకుండా ఉండలేను. బస్తా వెనక చిన్న అక్షరాలు చదివితే అది మిశ్రమం, క్లోరైడ్‌తో పాటు మామూలు ఉప్పు, రంగు ఉన్నాయి. దాన్ని వాకిట్లోనే చల్లాను. బీరు సరంజామా అమ్మే దుకాణంలో రేకులు తెచ్చాను. సోడా మొదటిసారి 157 నుంచి 112 దగ్గరే ఆగింది, ట్రేలో మందంగా పరిచినట్టున్నాను. ఇంకో నలభై నిమిషాలు పెడితే 99కి వచ్చింది. ఆ అంకె చూసినప్పుడు కలిగిన ఆనందం చెప్పలేను.

రోజుకు పది మిల్లీలీటర్లతో ఆల్కలినిటీ 7.8కి, 8.1కి మధ్య నిలిచింది. తెల్లవారుజామున పీహెచ్ 8.0. కాల్షియం 410. మాంటిపోరా అంచున తెల్లటి గీత కనిపిస్తోంది, అది కాలినదా, కొత్త ఎదుగుదలా? ఉప్పునీటి సాంద్రత 1.026 నుంచి 1.027కి వచ్చినట్టుంది. సోడా పోసే చోట పంపు మీద తెల్లగా గరుకు కట్టింది. ఇవి రెండూ మామూలేనా?

సున్నపుకాయ, ఎడిసన్, న్యూజెర్సీ

గీత సన్నగా, చుట్టూ ఒకే వెడల్పుతో, నునుపుగా ఉంటే ఎదుగుదలే. కాలినదైతే మచ్చలు మచ్చలుగా ఉంటుంది, రెండు రోజుల్లో దాని మీద నాచు పడుతుంది. వారం ఆగి చూడండి.

ఉప్పు పెరగడం నిజమే. రెండు సీసాల పద్ధతిలో పగడం కాల్షియం, కార్బొనేట్ తీసుకున్నాక సోడియం, క్లోరైడ్ నీళ్లలో మిగిలిపోతాయి, అంటే మామూలు ఉప్పు. మీ మోతాదుకు ఏడాదిలో లీటరుకు మూడు గ్రాములు చేరుతుంది. మూడు వారాల్లో 1.027 మాత్రం దాని వల్ల కాదు, ఆవిరైన నీళ్లు తక్కువ పోసి ఉంటారు, లేదా ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ సరిచూసుకోవాలి. రెండు వారాలకోసారి పదో వంతు నీళ్లు మారుస్తూ, కొత్త నీళ్లు 1.025 దగ్గర కలపండి.

పంపు మీది గరుకు సున్నపు రాయే. సోడా సరిగ్గా పంపు నోటి దగ్గర పడుతోంది, జానెడు పక్కకు జరపండి. పంపు విప్పి, సగం వెనిగర్ సగం నీళ్లలో గంట నానబెడితే బుడగలు వచ్చి ఊడిపోతుంది. కడిగాకే పెట్టండి.

మాంటిపోరా ఇలాగే పెరిగితే వేసవికి పది మిల్లీలీటర్లు చాలవు. ప్రతి ఆదివారం ఒకే వేళకు ఆల్కలినిటీ కొలవండి. వరుసగా రెండు వారాలు తగ్గితే పదకొండు చేయండి, పదిహేను కాదు. నీలం దీపం ఆర్పి, తెల్లని వెలుతురులో దాని ఫొటో ఒకటి పెట్టండి, ఆ గీతను చూడాలని ఉంది.